ఇంట్లో సుకూన్ ఎక్కడుంది? పాత హవేలీల గాలి, 80 గజాల ఇంటి లెక్క

పాతబస్తీలో గానీ, టోలిచౌకి వైపు గానీ కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్లకు మేస్త్రీ పని అయిపోగానే ఖర్చు అయిపోవడం లేదు. స్లాబ్ పడి, టైల్స్ వేశాక 'ఇంటీరియర్' అనే రెండో ఖర్చు మొదలవుతోంది. హాల్‌కు ఫాల్స్ సీలింగ్, దాని అంచుల వెంట రంగులు మారే ఎల్‌ఈడీ పట్టీలు, టీవీ వెనక మెరిసే ప్యానెల్, గోడకు వాల్‌పేపర్. ఫోన్‌లో రీల్స్ చూపించి "భాయ్, మాకూ ఇలాగే కావాలి" అంటారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. మే నెల వచ్చేసరికి మాత్రం ఆ హాల్లో పది నిమిషాలు కూర్చోలేక ఇంటిల్లిపాదీ ఏసీ ఉన్న ఒక్క గదిలోకి చేరుతున్నారు. లక్షలు పోసిన హాల్ ఈద్‌కి, అతిథులకి తప్ప పనికిరావడం లేదు.

ఆ లక్షల లెక్క ముందు చూద్దాం. ఇంటీరియర్ కోసం 3 లక్షల పర్సనల్ లోన్ తీసుకున్నారనుకోండి. ఏడాదికి 14 శాతం వడ్డీ, 36 నెలల గడువు అయితే నెలకు సుమారు 10,250 రూపాయల కిస్తీ పడుతుంది. మూడేళ్లలో కట్టేది దాదాపు 3,69,000. అంటే 69 వేలు ఒట్టి వడ్డీ. వడ్డీ జోలికి పోకూడదనుకునే కుటుంబాలు చిట్టీ పాడుకుని డబ్బు తెచ్చుకుంటాయి. అక్కడా తొందరపడి పాడితే పాటలో వదులుకునే సొమ్ము చిన్నదేం కాదు, పైగా అది ఎవరూ ఖర్చు కింద రాసుకోరు. ఇంత పెట్టాక ఇంట్లో ప్రశాంతంగా కూర్చునే చోటు దొరకాలి కదా? దొరకడం లేదంటే డబ్బు తప్పు చోటికి పోయిందన్నమాట.

హైదరాబాద్ పాత ఇళ్లలో ఆ చోటు ఎలా దొరికేదో చూస్తే సంగతి కొంత అర్థమవుతుంది.

సహన్ చేసే పని

పాత హవేలీ అనగానే ఝూమర్లు, రంగు అద్దాలు గుర్తొస్తాయి. అవి నవాబుల ఇళ్ల మాట. మామూలు గుమాస్తా ఇంట్లో, చిన్న వ్యాపారి ఇంట్లో కూడా ఉండేది సహన్. ఇంటి మధ్యలో ఆకాశం కనబడే ఖాళీ జాగా. దాని చుట్టూ దాలాన్, దాలాన్ వెనక గదులు. ఎండ సహన్‌లో పడుతుంది, దాలాన్‌లో నీడ, గదిలో ఇంకాస్త చీకటి చల్లదనం. బయటి నుంచి లోపలికి వచ్చేసరికి కళ్లు మెల్లగా అలవాటు పడతాయి. రాత్రిపూట సహన్ నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. చల్లబడిన గాలి బరువెక్కి కిందికి దిగి అక్కడే నిలుస్తుంది. పొద్దున చాలాసేపటి దాకా ఆ చల్లదనం గదుల్లోకి వస్తూనే ఉంటుంది. సాయంత్రం బిందెడు నీళ్లు చల్లితే నీళ్లు ఆవిరయ్యేటప్పుడు వేడిని లాక్కుపోతాయి. మూలన ఒక జామచెట్టో దానిమ్మో, కుండీలో మల్లె. ఇంటి ఆడవాళ్లకు వీధి చూపు తగలకుండా ఆకాశం దొరికేది ఇక్కడే.

గది పైకప్పు 14 అడుగుల ఎత్తున ఉండేది, ఒక్కోచోట ఇంకా ఎక్కువ. వేడి గాలి పైకి పోతుంది, పైన రోషన్‌దాన్ ఉంటుంది, అందులోంచి బయటికి వెళ్తుంది. మిద్దె కూడా దూలాల మీద ఇటుక పరిచి, దానిపైన గచ్చు వేసిన మందపాటి మిద్దె. ఎండ అంత తొందరగా కిందికి దిగదు.

పెద్ద ఎత్తున చూడాలంటే ఖిల్వత్‌లో చౌమహల్లా ప్యాలెస్ ఉంది. దాని పరిరక్షణ పనికి 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం వచ్చింది. వెళ్లినవాళ్లంతా దర్బార్ హాల్లో ఝూమర్ల కింద సెల్ఫీ దిగి వచ్చేస్తారు. బయట తోట, నీళ్ల హౌజ్, చుట్టూ కమాన్ల వరండా, వాటి వరస చూడాలి. మధ్యాహ్నం పూట ఆ వరండాలో కూర్చుంటే సంగతి తెలుస్తుంది. అక్కడ హాయి కలిగించేవి నీడ, గాలి, ఖాళీ జాగా. ఈ మూడింటికీ మెరుపుతో పనిలేదు.

గాలి, వెలుతురు లేని ఇల్లు ఎంత ప్రమాదమో ఈ నగరానికి వందేళ్ల కిందటే తెలిసింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద వచ్చింది, 1911లో ప్లేగు సోకింది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఇరుకు గల్లీలను తీసేసి, తక్కువ ఆదాయం వాళ్లకు గాలీ వెలుతురూ వచ్చే ఇళ్లు కట్టించడం ఆ బోర్డు పనుల్లో ఒకటి. చిన్న ఇల్లయినా ముందూ వెనకా కాస్త జాగా వదలాలన్నది అప్పటి ఆలోచన. ఇప్పుడు 80 గజాల్లో మూడంతస్తులు లేపుతూ మూడు వైపులా పక్కింటి గోడకు గోడ అతికిస్తున్నాం. ఆ బోర్డు వాళ్లు చూస్తే ఏమనేవారో!

మొదటి రూపాయి పైకప్పుకే

80 గజాలంటే 720 చదరపు అడుగులు. అన్నదమ్ములు పంచుకున్న ఇంట్లో సహన్ పెట్టుకోవడం కుదరని పని. అయితే సహన్ చేసే పనులను వేరే మార్గాల్లో కొంతవరకు చేయించుకోవచ్చు. అందుకు ముందు పైకి చూడాలి.

కాంక్రీట్ స్లాబ్ పగలంతా ఎండ తాగుతుంది. రాత్రి దాన్ని మెల్లగా గదిలోకి వదులుతుంది. పై అంతస్తులో రాత్రి 11 గంటలకు కూడా ఫ్యాన్ వేడి గాలి కొట్టేది అందుకే. స్లాబ్ పైన తెల్లటి పూత ఉంటే ఎండలో ఎక్కువ భాగం తిరిగి పైకే పోతుంది. లోపల గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా తేడా వస్తుందని ఈ పని చేసేవాళ్లు చెప్పే లెక్క. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, అంతకు మించిన స్థలాల్లో కట్టే ఇళ్లకు ఇది తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఐచ్ఛికం. నిజానికి వేడితో ఎక్కువ అల్లాడేది చిన్న ఇళ్లవాళ్లే.

ఖరీదైన కూల్ రూఫ్ పెయింట్లు ఉన్నాయి, ఎక్కువ కాలం నిలుస్తాయి కూడా. అన్నింటికన్నా చౌక మాత్రం సున్నమే. మిద్దెను ఊడ్చి కడిగి, పగుళ్లుంటే పూడ్చి ఆరనివ్వాలి. నానబెట్టిన సున్నాన్ని గుడ్డతో వడగట్టి, పట్టు కోసం గమ్ కలిపి రెండు చేతులు వేయాలి. రాయి సున్నం నీళ్లలో వేస్తే బుసబుసా పొంగి సలసల కాగుతుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు, చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. వానలకు పూత చాలావరకు పోతుంది, మళ్లీ ఏడాది వేసుకోవాల్సిందే. ఎండలు ముదరకముందు, ఫిబ్రవరి చివర్లోనో మార్చి మొదట్లోనో వేసుకుంటే ఆ ఎండాకాలం గడుస్తుంది.

ఇక్కడే ఫాల్స్ సీలింగ్ మాట కూడా చెప్పాలి. ఇప్పుడు కట్టే గది ఎత్తే 10 అడుగులు. అందులో సీలింగ్ అర అడుగు, ముప్పావు అడుగు తినేస్తుంది. ఫ్యాన్ ఇంకా కిందికి వస్తుంది, వెంటిలేటర్ ఉంటే దాని వెనక మూసుకుపోతుంది. జిప్సమ్ బోర్డు వేడిని కొంత ఆపే మాట నిజమే. కానీ చాలామంది వేసేది హాల్ చుట్టూ డిజైన్ పట్టీ మాత్రమే, మధ్యలో స్లాబ్ అలాగే ఉంటుంది. అది వేడిని ఏం ఆపుతుంది? దాని గాడుల్లో చేరే దుమ్ము ఎవరు స్టూలెక్కి తుడవాలన్నది డిజైన్ ఒప్పుకునే మగవాళ్లకు ఆ రోజు తోచదు.

కిటికీ ఎందుకు మూసి ఉంటుంది?

పాతబస్తీ గల్లీల్లో నడిస్తే చాలా ఇళ్ల కిటికీలు మూసే ఉంటాయి. లోపలి నుంచి మందపాటి పరదా, దాని మీద ఒక్కోసారి ప్లాస్టిక్ షీట్. కారణం అందరికీ తెలిసిందే. ఎదురింటి కిటికీ నాలుగడుగుల దూరంలో ఉంటుంది. పర్దా కోసం కిటికీ మూస్తే గాలి ఆగిపోతుంది. పగలే ట్యూబ్‌లైట్ వెయ్యాలి. ఆ గదిలో రోజంతా ఉండేది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పసిపిల్లలు.

జాలీలు, చిల్మన్లు పుట్టింది సరిగ్గా ఈ ఇబ్బందికే. బయట వెలుతురు ఎక్కువ, లోపల తక్కువ ఉన్నంతసేపు జాలీ లోంచి లోపలి మనిషికి బయట కనిపిస్తుంది, బయటి మనిషికి లోపల కనిపించదు. గాలి మాత్రం వస్తూ పోతూ ఉంటుంది. రాత్రి లోపల లైటు వేస్తే ఇది తారుమారవుతుంది. అప్పుడు పరదా వేసుకోవాలి, పగలు అక్కర్లేదు. వెదురు చిల్మన్ పెద్ద ఖర్చేం కాదు. కొత్తగా కట్టేవాళ్లు మెట్ల గోడకు, వాష్ ఏరియాకు ఇటుక గోడ లేపే బదులు సిమెంట్ జాలీ లేదా మట్టి జాలీ పెట్టించుకోవచ్చు.

పాత ఇళ్లలో ఇంకో తెలివైన పని ఉండేది. కిటికీకి నాలుగు రెక్కలు, కింద రెండు, పైన రెండు. కింది రెక్కలు మూసి పైవి తెరిస్తే మర్యాద నిలుస్తుంది, గాలీ వస్తుంది. ఇప్పుడు వేసే స్లైడింగ్ కిటికీలో ఒక అద్దం ఎప్పుడూ ఇంకో అద్దం మీదే ఉంటుంది. ఎంత పెద్ద కిటికీ పెట్టినా తెరుచుకునేది సగమే. డబ్బు మొత్తానికి ఇచ్చి గాలి సగానికి తెచ్చుకుంటున్నాం.

జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్క ప్రకారం పొడి వేడి ప్రాంతాల్లో తెరుచుకునే భాగం గది నేలలో కనీసం పదో వంతు ఉండాలి. 10 బై 12 గది అయితే 120 చదరపు అడుగులు, అందులో పదో వంతు 12. అంటే 3 బై 4 కిటికీ పూర్తిగా తెరుచుకోవాలి. స్లైడింగ్ అయితే అది ఆరుకే పరిమితం. ఇంకో మాట, గాలి రావడానికి ఒక దారి ఉంటే పోవడానికి ఎదురుగా ఇంకో దారి ఉండాలి. ఎదుట కిటికీకి చోటు లేకపోతే తలుపు పైన జాలీ పెట్టినా, పైకప్పు దగ్గర చిన్న రోషన్‌దాన్ వదిలినా ఫరక్ తెలుస్తుంది.

వంటింటికి ఈ మాట రెండింతలు వర్తిస్తుంది. ఇంటి మ్యాప్ గీసేటప్పుడు అన్నీ పోగా మిగిలిన మూల వంటింటికి ఇస్తారు. రంజాన్‌లో ఇఫ్తార్ ముందు గంటన్నర రెండు పొయ్యిల దగ్గర రోజాతో నిలబడే మనిషి గురించి ఆలోచిస్తే, హాల్లో ప్యానెల్ కన్నా ముందు వంటింట్లో కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాలనిపిస్తుంది. మాడ్యులర్ కిచెన్ లేకపోయినా కడప బండ గట్టు, కింద అదే బండతో అరలు దశాబ్దాల పాటు నిలుస్తాయి. నీళ్లు పడితే ఉబ్బే ప్లైవుడ్ లాంటి సమస్య ఉండదు.

గోడ, నేల

పాత ఇంట్లో ఉంటున్నవాళ్లు చేసే పెద్ద పొరపాటు గోడల దగ్గర. డంగు సున్నంతో కట్టిన గోడకు తేమ వస్తోందని సిమెంట్ ప్లాస్టర్ చేయిస్తారు, పైన ప్లాస్టిక్ పెయింట్. రెండు వానాకాలాలు తిరక్కుండానే పెచ్చులు ఊడతాయి. సున్నం గోడ ఊపిరి తీసుకుంటుంది. లోపలి తేమను బయటికి వదులుతుంది. సిమెంట్ ఆ దారి మూసేస్తుంది, నీళ్లు గోడలోనే ఇరుక్కుంటాయి. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్ట్ 2013 నుంచి చేసిన పనుల్లో, గత శతాబ్దంలో పూసిన సిమెంట్‌ను చెక్కేసి మళ్లీ సున్నం పూయడం కూడా ఒకటి. మన ఇల్లు కుతుబ్ షాహీల కట్టడం కాకపోవచ్చు, గోడ స్వభావం మాత్రం అదే.

లోపలి గోడలకు సున్నపు పూత ఇప్పటికీ చల్లగా, కంటికి మెత్తగా ఉంటుంది. పెయింట్ మెరుస్తుంది, సున్నం వెలుతురును పరుస్తుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తీసుకుని మెల్లగా రాయిగా గట్టిపడుతుంది. క్షార గుణం వల్ల బూజు తొందరగా పట్టదు. బట్టలకు అంటుకుంటుందన్న ఫిర్యాదు ఉంది, అది నిజం. అందుకే కూర్చున్నప్పుడు వీపు తగిలే ఎత్తు దాకా వేరే పూత వేసి, పైన సున్నం ఉంచుకుంటే సరిపోతుంది.

నేల సంగతి ఇంకా విచిత్రం. తాత వేయించిన షాబాద్ బండలు, తాండూరు బండలు, తండ్రి వేయించిన మొజాయిక్ చిప్స్ నేల పగలగొట్టి, లేదా దాని మీదే, అద్దంలా మెరిసే విట్రిఫైడ్ టైల్స్ వేస్తున్నారు. షాబాద్ ఇప్పుడు కర్ణాటకలో కలబుర్గి జిల్లాలో ఉంది, ఒకప్పుడు నిజాం రాజ్యంలోదే. తాండూరు మన వికారాబాద్ జిల్లా. ఈ బండలు కాలికి చల్లగా తగులుతాయి. మెరిసే టైల్ కన్నా తడిలో జారడం తక్కువ. వుజూ చేసి తడి కాళ్లతో వచ్చే పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. మొజాయిక్ నేలకైతే మిషన్ పాలిష్ పట్టిస్తే చాలు, కొత్త నేల ఖర్చులో చిన్న భాగంతో రంగు తేలుతుంది.

సామాను ఎంత జాగా తింటోంది?

10 బై 10 బెడ్‌రూమ్ తీసుకోండి. వంద చదరపు అడుగులు. జహేజ్‌లో వచ్చిన డబుల్ కాట్ 6 బై 6.5 అంటే 39. అల్మారీ 8. డ్రెస్సింగ్ టేబుల్ నాలుగున్నర. మొత్తం 51.5. సగం గది సామానుకే పోయింది. మిగిలిన సగంలో తలుపు తెరుచుకోవాలి, జానమాజ్ పరవాలి, పసిపిల్లాడు పాకాలి. గది ఎంత అందంగా పెయింట్ చేసినా అక్కడ ఊపిరాడదు. అమ్మాయి తండ్రి అప్పు చేసి ఇచ్చిన సామాను, అబ్బాయి ఇంట్లో మనుషుల్ని ఇరుకు పెడుతోంది. రెండు ఇళ్లకూ నష్టమే. జహేజ్ మీద మాట్లాడేవాళ్లు దాని ధర గురించే మాట్లాడతారు, అది ఆక్రమించే చదరపు అడుగుల గురించి కూడా మాట్లాడాలి.

పాత ఇళ్లలో ఒకే గది నాలుగు పనులు చేసేది. పగలు తఖ్త్ మీద గావ్ తకియా వేసుకుని కూర్చోవడం, భోజనానికి దస్తర్‌ఖాన్, అతిథులొస్తే నేల మొత్తం తెల్లటి చాందినీ, రాత్రి పరుపులు. పని అవగానే మడిచి సందూక్‌లో పెట్టేస్తారు. గది మళ్లీ ఖాళీ. గోడలోనే తాఖ్‌లు, అంటే గూళ్లు. దీపానికో గూడు, పుస్తకానికో గూడు, అత్తరు సీసాకో గూడు. నేల మీద జాగా ఏదీ తినేది కాదు. ఇదే పద్ధతిని ఇప్పుడు 'మినిమలిజం' అని పేరు పెట్టి అమ్ముతున్నారు, దానికి విడిగా సామాన్లు కూడా ఉన్నాయి! మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు నేల మీద కూర్చోవడం కష్టమే. వాళ్ల కోసం ఒక గట్టి కుర్చీ, ఒక తఖ్త్ చాలు. మూడు ముక్కల సోఫా అవసరమా అన్నది ఎవరికి వారు టేప్ పట్టి కొలుచుకోవాలి.

గోడ మీద పెట్టేది కూడా అంతే. మన ఇళ్లలో బొమ్మలు పెట్టని అలవాటు వల్ల అందం అక్షరాల్లోకి, లతల్లోకి, గీతల లెక్కల్లోకి వెళ్లింది. బాద్‌షాహీ ఆషూర్‌ఖానాలో 1611 ప్రాంతంలో అతికించిన రంగు పెంకుల పనితనం చూస్తే ఆ లెక్క ఎంత దూరం వెళ్లిందో తెలుస్తుంది. ఇంట్లో దాన్ని అనుసరించాలనుకుంటే ఒక గోడకు ఒక మంచి ఖత్తాతీ ఫ్రేమ్, చుట్టూ ఖాళీ. ఏడు ఫ్రేములు, గడియారం, క్యాలెండర్, ప్లాస్టిక్ పూలు ఒకే గోడ మీద ఉంటే ఏదీ కంటికి ఆనదు.

లైటు విషయం క్లుప్తంగా చెప్పుకోవచ్చు. బల్బు డబ్బా మీద 6500కె అని ఉంటే అది నీలం కలిసిన తెలుపు, ఆఫీసు వెలుతురు. 2700కె, 3000కె అంటే దీపపు వెలుతురు. పడుకునే గదిలో, ఇషా తర్వాత కూర్చునే చోట రెండోది పెట్టుకుంటే కళ్లు తేలికపడతాయి. ధరలో పెద్ద తేడా ఉండదు. ఫ్యాన్‌లోనూ ఇలాగే చూడాలి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల చుట్టూ. రోజుకు 12 గంటలు తిరిగితే నెలకు మొదటిది 27 యూనిట్లు, రెండోది 11 లోపే. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచిత కరెంట్ అందుకుంటున్న ఇళ్లలో ఏసీ రోజుకు ఎనిమిది గంటలు నడిచిందంటే ఆ గీత దాటడం ఖాయం. దాటిన నెల బిల్లు మొత్తం కట్టాలి. మిద్దెకు వేసిన సున్నం ఆ బిల్లులోనూ కనిపిస్తుంది.

చప్పుడు కూడా ఒక అలసటే. గట్టి టైల్, గట్టి గోడ, ఖాళీ కిటికీ ఉన్న హాల్లో పిల్లల మాట, మిక్సీ, టీవీ అన్నీ గోడలకు కొట్టుకుని తిరిగొస్తాయి. నేల మీద ఒక నూలు దరీ, కిటికీకి నూలు పరదా పడితే ఆ గోల సగం తగ్గినట్టు అనిపిస్తుంది. 2018లో జీఐ గుర్తింపు పొందిన వరంగల్ దరీలు ఇందుకు బాగా పనికొస్తాయి. సింథటిక్ కార్పెట్‌లా దుమ్ము పట్టుకుని కూర్చోవు, ఎండలో దులిపి మళ్లీ వేసుకోవచ్చు.

అద్దె ఇంట్లో ఉండేవాళ్లు గోడ కొట్టలేరు, కిటికీ మార్చలేరు. వాళ్ల చేతిలో ఉన్నవి చిల్మన్, దరీ, బల్బు, బీఎల్‌డీసీ ఫ్యాన్, మిద్దె మీదికి వెళ్లనిస్తే పుదీనా, కరివేపాకు కుండీలు. పై అంతస్తులో అద్దెకుంటే సున్నం పూత గురించి ఓనర్‌ను అడిగి చూడవచ్చు. స్లాబ్ ఆయనదే కాబట్టి చాలామంది కాదనరు, ఖర్చు సగం సగం అనుకుంటే ఇంకా తొందరగా ఒప్పుకుంటారు. ఇల్లు మారేటప్పుడు మిగతావన్నీ విప్పి ఒక ట్రాలీ ఆటోలో వేసుకుపోవచ్చు.